గాడిద మింగిన మ్యాపు

మొన్న మా చిన్న మావయ్య సంవత్సరీకానికి విశాఖపట్నంలో చెంగల్రావుపేట వెళ్లాం. భోజనాలయ్యి, బంధువులంతా ఎక్కడివాళ్లక్కడ చాపల మీద వాలిపోయాక అత్తయ్య నన్ను పిలిచి, "అటక మీంచి ఆ ట్రంకు పెట్టె దింపించానే, మీ మావయ్య కాగితాలు. నీవీ ఏవో ఉన్నట్టున్నాయి, చూసుకో" అంది. మూత ఎత్తగానే ముందు కలరా ఉండల వాసన కొట్టింది. దాని అడుగున ఇంకో వాసన, చాలా పల్చగా, కానీ ముక్కులోంచి కళ్లలోకి ఎక్కేది. అమ్మోనియా. ఆ వాసన తగిలి నలభై ఏళ్లు దాటింది. పెట్టె పక్కనే నేల మీద కూలబడిపోయాను.

ఖాకీ కాగితంలో చుట్టి, పురికొసతో కట్టిన కట్ట. పైన మావయ్య చేతిరాతలో 'క.చ.' అని రెండక్షరాలు. కన్నుకొట్టే చందమామ. ముప్ఫై రెండు పేజీల బొమ్మల కథ. ఒక కాకి, ఒక గాడిద, ఒక పందికొక్కు, ఒక తాబేలు పిల్ల. ఇప్పుడు ఇలాంటి వాటిని గ్రాఫిక్ నవల అంటున్నారు, అప్పుడు మాకా మాట తెలీదు. మాకది మావయ్య పుస్తకం, అంతే.

మావయ్య ట్రేసరు. పోర్టు కాంట్రాక్టర్లకి డ్రాయింగులు గీసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాన్ని ట్రేసింగు కాగితం మీద ఇండియన్ ఇంకుతో తిరిగి గీయడం పని. గీత తప్పితే సగం బ్లేడు ముక్కతో ఆ ఇంకుని గోకి, గోటితో నున్నగా రుద్ది, మళ్లీ గీయాలి. అందుకని మావయ్య కుడి బొటనవేలి గోరు ఎప్పుడూ అద్దంలా మెరుస్తూ ఉండేది. ఆయన చనిపోయినప్పుడు కూడా నా చూపు ముందు ఆ గోరు మీదికే పోయింది.

మా ఇంటికీ అమ్మమ్మ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. రెండూ పెంకుటిళ్లే, ఒక పక్క కాస్త డాబా, వెనక సముద్రం. పొద్దున్న పోర్టు సైరన్‌కి ఊరంతా లేచేది. రాత్రిళ్లు ఓడల కూతలు వినిపిస్తూనే ఉండేవి. డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికైతే హార్బరులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారి కూతలు మొదలుపెట్టేవి, మేము పక్కలమీంచి లేచి డాబా మీదకి పరిగెత్తేవాళ్లం. ఆ డాబా మీంచి చూస్తే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు. 1957లో కట్టారట, మా అమ్మ పెళ్లికి ముందు. దాని వెలుగు చుట్టూ తిరుగుతూ వచ్చి మా పెంకుల మీద ఒక్క క్షణం ఆగినట్టే ఆగి వెళ్లిపోయేది. నిద్ర పట్టకపోతే మేము ఆ వెలుగులు లెక్కపెట్టుకునేవాళ్లం.

కథ అక్కడినుంచే పుట్టింది. మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు. ఒక అమావాస్య రాత్రి వాడు ఆ దీపాన్ని చూసి, "మావయ్యా, చందమామ నాకు కన్ను కొడుతున్నాడు" అన్నాడు. మావయ్య నవ్వలేదు. లోపలికెళ్లి, ఆఫీసులో పాడైపోయి పారేయబోతే తెచ్చుకున్న ప్రింట్ల వెనక పక్క, తెల్లగా ఉండే పక్క, పెన్సిలుతో ఏదో గీయడం మొదలుపెట్టాడు.

* * *

అమ్మమ్మ మాకు మిత్రలాభం కథ చెప్పేది. కాకి లఘుపతనకుడు, ఎలుక హిరణ్యకుడు, తాబేలు మంథరుడు, లేడి చిత్రాంగుడు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' అచ్చయింది 1853లో. అమ్మమ్మ దాన్ని బళ్లో చదువుకున్నదే, కొన్ని వాక్యాలు అలాగే అప్పజెప్పేది. మావయ్య ఆ నలుగురినీ తెచ్చి మా వన్ టౌన్‌లో పడేశాడు. "మన వీధుల్లో లేడెక్కడ దొరుకుతుందర్రా, ఉన్నది చాకలిపేట గాడిద" అని లేడి స్థానంలో గాడిదని పెట్టాడు. దాని ఒంటి మీద ఉతికిన బట్టల నీలిమందు చారలు ఉంటాయి కాబట్టి దానికి చిత్రాంగి అని పేరు పెట్టింది మాత్రం కథలో కాకి.

ఈ కాకి స్కూలు కిటికీ మీద కూర్చుని తెలుగు పాఠాలు విని విని గ్రాంథికం తప్ప మాట్లాడదు. గాడిదది మన ఊరి మాట. పందికొక్కు పోర్టు గోదాములో పుట్టిపెరిగింది, అంచేత దాని మాటల్లో సగం ఖలాసీల హిందీ. 'నేను సింగపూరు వెళ్లొచ్చినవాణ్ణి' అని ప్రతి పేజీలోనూ చెబుతుంది, నిజానికి ఓడ ఎక్కనే లేదు. మీరు హార్బరులో చూసే ఉంటారు, ఓడని ఒడ్డుకి కట్టే మోకుల మీద గుండ్రటి రేకు పళ్లేల్లాంటివి బిగించి ఉంటాయి. ఎలుకలు మోకు పట్టుకుని ఓడెక్కకుండా. పాపం మన పందికొక్కు ఆ రేకు దాకా వెళ్లి తల కొట్టుకుని వెనక్కి రావడమే దాని జీవితం. ఆ పేజీలో నాలుగు గళ్లు ఉంటాయి. నాలుగింటిలోనూ అదే రేకు, అదే పందికొక్కు, నుదుటి మీద బొప్పి మాత్రం గడి గడికీ పెరుగుతుంది. మాటలేం ఉండవు. మేము ఆరుగురం పిల్లలం ఆ పేజీ దగ్గర ఎన్నిసార్లు పడి పడి నవ్వామో.

ఇక తాబేలు పిల్ల. అది కథ మొత్తంలో ఒకటే మాట అంటుంది. "అమ్మేదీ?"

ఇసకలో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన రాత్రి అది లైట్‌హౌసు వెలుగు చూసి, అమ్మ దీపం పట్టుకుని పిలుస్తోందనుకుని సముద్రం వదిలేసి ఊళ్లోకి నడుస్తుంది. కురుపాం మార్కెట్లో చేపల బుట్టల మధ్య కాకికి దొరుకుతుంది. మిగతా ఇద్దరూ పోగవుతారు. ముగ్గురూ కలిసి దాన్ని ఆ కన్నుకొట్టే చందమామ దగ్గరికి చేర్చాలని బయల్దేరతారు. దారి తెలీదు. పందికొక్కు గోదాములోంచి ఒక మ్యాపు లాక్కొస్తుంది. దాన్ని భద్రంగా మొయ్యమని గాడిద వీపు మీద పెడతారు. పేజీ తిప్పితే మ్యాపు లేదు, గాడిద నోటి పక్కన ఒక కాగితం ముక్క వేలాడుతోంది.

"నానేటి సేసినాను కాకి బావా? ఆకలేసింది. తినీసినాను."

"ఓయి గర్దభోత్తమా! మార్గంబు నీ యుదరంబునఁ జేరెను గదా, యింక మాకు దిక్కెవ్వరు?"

"ఉండు బావా, కంగారు పడకు. మ్యాపు నా పొట్టలోనే ఉంది కదా. ఎడం పక్కన పోటొత్తంది. అంటే ఎడం పక్కకే ఎల్లాల."

అలా గాడిద కడుపునొప్పి ఎటుంటే అటు వెళతారు. కడుపు గుర్రుమంటే ఆగుతారు. ఒక చోట తేన్పు వస్తుంది, దాన్ని పందికొక్కు 'చౌరస్తా' అని అర్థం చెబుతుంది. వన్ టౌన్ సందులన్నీ ఆ కథలో ఉన్నాయి. కోట వీధి, వెలంపేట, బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి. అమ్మవారికి పైకప్పు ఉండదు కదా, మార్గశిర గురువారం కింద మనుషుల క్యూ వీధి చివరిదాకా ఉంటే కాకి మాత్రం పైనుంచి తిన్నగా వెళ్లి దండం పెట్టుకుని వస్తుంది. ఆ గడిలో కాకి ముక్కుకి కొంచెం పసుపు అంటి ఉంటుంది. పుస్తకంలో నీలం తప్ప ఇంకో రంగు ఉన్నది అక్కడ ఒక్కచోటే. మావయ్య ప్రతి కాపీలోనూ నిజం పసుపు వేలితో అద్దాడు.

* * *

కాపీలు అంటే చెప్పాలి. అప్పటికి మాకు జెరాక్సు తెలీదు. మావయ్య పెన్సిలు బొమ్మల మీద ట్రేసింగు కాగితం పరిచి, ఇండియన్ ఇంకుతో ఒక్కో పేజీ ఎక్కించేవాడు. ఆదివారం మధ్యాహ్నం ప్రింట్లు. ఆఫీసుకి మిషను రాకముందు వాడిన పాత చెక్క ఫ్రేము ఒకటి ఆయన దగ్గర ఉండేది, ముందు అద్దం, వెనక చెక్క. చీకటి గదిలో, నల్ల కాగితపు చుట్టలోంచి లేత పసుపు రంగు పూత ఉన్న ప్రింటు కాగితం తీసి, పైన ట్రేసింగు పెట్టి, ఫ్రేములో బిగించి, గుడ్డ కప్పుకుని డాబా మీదికి తెచ్చేవాడు. గుడ్డ తీయగానే మేము లెక్క మొదలుపెట్టాలి. ఎండ బాగుంటే తొంభై. మబ్బు అడ్డొస్తే మావయ్య చెయ్యి ఎత్తేవాడు, మేము అంకె దగ్గర ఆగిపోయి ఆకాశం వైపు చూస్తూ నిలబడేవాళ్లం, మబ్బు వెళ్లాక మళ్లీ అక్కణ్ణుంచి.

తొంభై అయ్యాక తీసి చూస్తే పసుపంతా ఎండకి తెల్లగా పోయి, ఇంకు నీడ పడిన చోట మాత్రం గీతలు పసుపుగా మిగిలేవి. కనీకనపడకుండా. అప్పుడు ఆ కాగితాన్ని గుండ్రంగా చుట్టి పొడవాటి రేకు గొట్టంలోకి దించేవాడు. గొట్టం అడుగున గిన్నెలో అమ్మోనియా. మమ్మల్ని ఆమడ దూరం వెళ్లమనేవాడు, మేము వెళ్లేవాళ్లం కాదు. కళ్లు మండి నీళ్లు కారుతుంటే, ముక్కులు పట్టుకుని, గొట్టం చుట్టూ నిలబడేవాళ్లం. కాసేపటికి కాగితం బయటికి తీస్తే ఆ పసుపు గీతలన్నీ నీలంగా మారి ఉండేవి. కాకి వచ్చేసింది! గాడిద వచ్చేసింది! ఆ క్షణం కోసం వారమంతా ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు ఫోనులో ఫొటో తీసి ఒక్క సెకనులో వంద మందికి పంపిస్తున్నాను, మంచిదే, కానీ బొమ్మ పుట్టడం కళ్లారా చూసింది మాత్రం ఆ డాబా మీదే.

ఏడు కాపీలు తీసేవాడు, పిల్లలకి తలా ఒకటి, తనకొకటి. అమ్మమ్మ సూదీ దారంతో కుట్టేది.

నా కాపీలోంచి పందికొక్కు పేజీ చింపి నా బీరువా తలుపుకి అంటించుకున్నాను. కిటికీ ఎదురుగా ఉండేది ఆ బీరువా. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి బొమ్మ మొత్తం వెలిసిపోయి తెల్ల కాగితం మిగిలింది. ఏడ్చుకుంటూ మావయ్య దగ్గరికి వెళితే, "వెలుగుతో తీసిన బొమ్మ కదే, వెలుగులో పెడితే పోతుంది. చీకట్లో దాచుకోవాలి" అన్నాడు. తర్వాత ఆయన తన కాపీ మాత్రం ట్రంకులో పెట్టాడన్నమాట. మొన్న తీసి చూస్తే గీత ఒక్కటి చెదరలేదు.

* * *

కరెంటు పోయిన రాత్రుళ్లే ఎక్కువ చదివేవాళ్లం. అరుగు మీద హరికేన్ లాంతరు, ఒక గిద్దెడు మురీ మిక్చరు కాగితం పొట్లంలో. మావయ్య కాకికి ముక్కుతో, గాడిదకి పొట్టలోంచి, పందికొక్కుకి పళ్లు బిగించి మాట్లాడేవాడు. తాబేలు పిల్ల మాట వచ్చినప్పుడు మాత్రం ఆపేవాడు, మా తమ్ముడు అనాలి. "అమ్మేదీ?" వాడు ఎంత నిజంగా అడిగేవాడంటే ఒక్కోసారి లోపలినుంచి అమ్మ, "ఇక్కడే ఉన్నాను నాన్నా" అనేసేది.

పేజీ అయిపోయిందని మేము తిప్పబోతే మావయ్య అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. "చూశారా? మొత్తం చూశారా? ఇంకోసారి చూడండర్రా." ఏం చూడాలో చెప్పేవాడు కాదు. మేము గబగబా చూసి తిప్పేసేవాళ్లం, గాడిద తర్వాత ఏం చేస్తుందోనని ఆత్రం.

ఆయన మాత్రం చూడకుండా ఏదీ గీయలేదు. చాకలిపేటలో గాడిద చెవులు ఎలా వంచుతుందో తెలుసుకోడానికి ఒక సాయంత్రమంతా నించున్నాడు, నేను పక్కనే ఉన్నాను. గాడిదకి ఇష్టం లేని పని చెబితే రెండు చెవులూ వెనక్కి పోతాయి, ఏదైనా వినిపిస్తే ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతుంది. పుస్తకంలో గాడిద ముఖంలో నవ్వు గానీ ఏడుపు గానీ ఎక్కడా ఉండదు. అంతా చెవుల్లోనే ఉంటుంది. 1977లో జూ తెరిచిన కొత్తలో మమ్మల్నందరినీ బస్సులో తీసుకెళ్లాడు, 625 ఎకరాల అడవి లాంటి చోటు, నడిచి నడిచి కాళ్లు పడిపోయాయి. పులిని చూసి మా అన్నయ్య, "మావయ్యా, కథలో పులిని పెట్టు" అన్నాడు. "పులి మన చుట్టం కాదురా, మన వీధిలో తిరగదు" అన్నాడు మావయ్య. ఆ జవాబు అప్పుడు మాకు నచ్చలేదు. ఇప్పుడు ఆ బొమ్మలు చూస్తుంటే ఎంత సరైన మాటో అనిపిస్తోంది. మేము రోజూ చూసే జంతువులే గనక వాటి తిక్కలన్నీ మాకు తెలుసు, అందుకే అంత నవ్వొచ్చేది.

తాబేలు పిల్లని కూడా చూపించాడు. చలి తగ్గుతున్న రోజులు, ఇంకా తెల్లవారలేదు. నన్నూ తమ్ముణ్ణీ లేపి ఒడ్డుకి తీసుకెళ్లాడు. ఆలివ్ రిడ్లీ అనే పేరు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అప్పుడు మాకవి సముద్రం తాబేళ్లు, అంతే. అగ్గిపెట్టెంత ఉన్నాయి పిల్లలు. ఇసక మీద కొన్ని నీళ్ల వైపు, కొన్ని తప్పుదారిన వీధి దీపాల వైపు పాకుతున్నాయి. ఎటు ఎక్కువ వెలుగు కనిపిస్తే అటు పోవడం వాటి పుట్టుక. ఊళ్లో దీపాలు లేని కాలంలో రాత్రిపూట అన్నిటికన్నా వెలుగు సముద్రం మీదే కదా. మావయ్య తువ్వాలు పరిచి దారి తప్పినవాటిని ఏరాడు. తమ్ముడు ఒకదాన్ని పట్టుకుని నీళ్లలోకి వేసేయబోతే అక్కడ వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన, "ఒద్దు బాబూ, ఇసక మీదే ఒగ్గీ. దాని కాళ్ల మీద అదే ఎల్లాల. మల్లీ గుడ్లెట్టడానికి ఈ ఇసకకే రావాల కదా, గురుతుండాల" అన్నాడు. మేము అలల ముందు వాటిని వదిలి కూర్చున్నాం. ఒక అల వచ్చి వెళ్లింది, అవి లేవు.

కథ చివర అదే. నలుగురూ కాలువ దాటాలి, పడవ లేదు. పందికొక్కు తన పగవాడైన ఆ రేకు పళ్లేన్నే పీకి తెస్తుంది. దాని మధ్యలో మోకు పట్టే చీలిక ఉంటుంది, అందులోంచి నీళ్లు. ఆ చీలికలో పందికొక్కు కూర్చుని తన వెనక భాగంతో అడ్డం పెడుతుంది, అటు ఒడ్డు వచ్చాక లేవబోతే ఇరుక్కుపోతుంది, మిగతా కథంతా ఆ రేకు పావడాలా వేసుకునే నడుస్తుంది. కొండెక్కుతారు. పైన చందమామ లేడు, అమ్మా లేదు, గిర్రున తిరిగే దీపం. తాబేలు పిల్ల "అమ్మేదీ?" అంటుంది. ఎవరి దగ్గరా జవాబు ఉండదు. మొదటిసారి గాడిద కడుపు కూడా నోరు మూసుకుంటుంది. అప్పుడు ఆ దీపం తిరిగి సముద్రం మీద పడుతుంది. రెండు పేజీలు కలిపి ఒకటే బొమ్మ, అంతా నీళ్లు, మధ్యలో వెలుగు దారి. తర్వాతి పేజీలో తాబేలు పిల్ల ఇసక మీద ఉంటుంది, అలకి ఎదురుగా. మాట లేదు. గాడిద చెవులు రెండూ ముందుకి.

* * *

మావయ్య దీన్ని ఒక పత్రికకి పంపాడు. కొన్నాళ్లకి తిరిగొచ్చింది. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు. తర్వాత పెళ్లి, పిల్లలు, ఆఫీసులో కంప్యూటర్లు, ట్రేసర్ల పని పోవడం, ఇంకో ఉద్యోగం. రెండో పుస్తకం రాలేదు. మా తమ్ముడు దూరం వెళ్లిపోయాడు, వాడికి ఫోనులో ఆ చివరి పేజీ పంపిస్తే రాత్రి ఒంటిగంటకి వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండే సెకన్లు. "అమ్మేదీ?" యాభై దాటినవాడి గొంతు.

పుస్తకం ఇంటికి తెచ్చాను. మా మనవరాలికి ఎనిమిదేళ్లు, బొమ్మల కథలు తెగ చదువుతుంది, ఇంగ్లీషువే ఎక్కువ, జంతువులన్నీ ఏదో వెతుక్కుంటూ బయల్దేరేవి దానికి ప్రాణం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. కాకి మాటలు అర్థం కాక నన్ను చదవమంది. నేను ముక్కుతో చదివాను, మావయ్యలాగే. గాడిద దగ్గరికి వచ్చేసరికి దానికి నవ్వు ఆగలేదు, 'తినీసినాను' అన్న మాట పట్టుకుని రెండు రోజులుగా అన్నం కంచం దగ్గర అదే అంటోంది.

కర్టెన్లు వేసి చదువుతున్నాం, ఎండ తగలకుండా.

నిన్న మధ్యాహ్నం నేను పేజీ తిప్పబోతుంటే "ఆగు అమ్మమ్మా, ఇది ఎవరు?" అంది. గడి కింద మూలలో, మోకు చుట్ట వెనక, బియ్యపు గింజంత బొమ్మ. ఒక పీత. మూట ఒకటి నెత్తిన పెట్టుకుని వెళుతోంది. ముందు పేజీలు తిరగేశాం. కోట వీధిలో కాలువ గట్టు మీద ఉంది. అమ్మవారి గుడి దగ్గర చెప్పుల మధ్య ఉంది. పందికొక్కు తల కొట్టుకునే పేజీలో నాలుగు గళ్లలోనూ ఉంది, ప్రతి గడిలోనూ మోకు మీద ఒక అడుగు ముందుకి, ఆ రేకు చీలికలోంచి తాపీగా దూరి ఓడ వైపు వెళ్లిపోతోంది. కాలువలో రేకు కింద వేలాడుతూ ఉంది. చివరి పేజీలో తాబేలు పిల్లకన్నా ముందే నీళ్లలో ఉంది, ఒక డెక్క పైకెత్తి. ఆ పుస్తకం నేను కొన్ని వందల సార్లు చదివి ఉంటాను. ఆరుగురం చదివాం. ఎవరికీ కనపడలేదు.

ముప్ఫై రెండు పేజీల్లో ముప్ఫై ఒకటి అయ్యాయి. కురుపాం మార్కెట్ పేజీ ఒకటే మిగిలింది. చేపల బుట్టలు, రొయ్యలు, తక్కెళ్లు, జనం కాళ్లు, అంతా గజిబిజి. నిన్న రాత్రి కళ్లు లాగేదాకా వెతికాం, దొరకలేదు. అత్తయ్యకి ఫోన్ చేస్తే మావయ్య ఆఫీసు భూతద్దం ఇంకా ఉందట, ఆదివారం వచ్చి తీసుకెళ్లమంది.